మూడు కాగితాల మీద ఒకే నెత్తురు

నరసన్నపేట బజారులో చింతపండు జగన్నాధం చెప్పే మాటని ఎవరూ ఉన్నదున్నట్టుగా నమ్మరు. తూకంలో రవ్వంత మోసం లేని మనిషే. నోటికి మాత్రం తూకం లేదు. మన్యం సంతకి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ కొట్టు ముందు చింతపండు బుట్టలతోపాటు ఒక కొత్త కథ కూడా దించేవాడు. కొండ మీద దోమలు పిచ్చికలంత ఉంటాయట. ఓసారి సంతపాకలో పడుకుంటే రెండు దోమలు తన దుప్పటిని చెరో కొసా పట్టుకుని ఎగిరిపోతున్నాయట. తాను గొడుగు పట్టుకుని గెడ్డ వాగు దాకా తరిమాడట.

"ఏటి సావుకారూ, ఆఖరికి ఎవుడు గెలిసినాడు?" అని బేరానికొచ్చినవాళ్ళు ఎగతాళిగా అడిగేవాళ్ళు.

"రాజీకొచ్చీసినాం. దుప్పటి ఆటికి, పేనం నాకు" అనేవాడు తొణక్కుండా.

దోమలు అతన్నుంచి దుప్పటి తీసుకోలేదు సరికదా, ఒంట్లోకి వేరే సరుకు ఎక్కించి పంపాయి. ఆ సంగతి పాపం అతనికి తెలియదు. జ్వరం లేదు, ఒళ్ళునొప్పులు లేవు. ఉదయం పది ఇడ్లీలు తిని, పదకొండోది ఎందుకు పెట్టలేదని భార్య తాయారుని అడిగే రకం.

ఆ వీధిలో ఇద్దరికి చలిజ్వరం వచ్చి మలేరియా అని తేలింది. అందుకని ఒక శుక్రవారం పొద్దున్నే మలేరియా శాఖ ఉద్యోగి రమేష్‌బాబు సూదులూ, నెత్తురద్దే కాగితాలూ ఉన్న పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ జగన్నాధం కొట్టుకి వచ్చాడు. కొట్టు ముందు, ఇల్లు వెనక. జ్వరం ఉన్నా లేకపోయినా ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళ వేలి నుంచీ రెండు చుక్కలు కాగితం మీద అద్ది, పేరు రాసి విజయనగరం ల్యాబుకి పంపాలి.

అక్కడే వచ్చింది చిక్కు. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లోంచి ఏదీ గడప దాటకూడదు. అది తాతల నాటి కట్టుబాటు. పక్కింటివాళ్ళు పెరుగు తోడుకి గిన్నె పట్టుకొచ్చినా శనివారం రమ్మంటారు. అలాంటి ఇంటి నుంచి ఆడవాళ్ళ నెత్తురు బయటికి పంపడమా? అందులోనూ కోడలు శైలజది! ఆ పిల్లకి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోసారి, రెండో నెల నడుస్తోంది. మూడో నెల నిండేదాకా ఈ కబురు నాలుగ్గోడలు దాటకూడదని తాయారు ఒట్టు వేయించింది. సరుకు కొనుగోలుకి పట్నం వెళ్ళి ఉన్న కొడుకు మురళీమోహన్ చేత ఫోన్లోనే ఒట్టు వేయించింది. సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు.

"ఆడోళ్ళు పూజలో ఉన్నారు బావూ" అన్నాడు జగన్నాధం. "ఆ కాగితాలిటు ఇయ్యి. నాను గుచ్చి తెస్తాను. మా తాత నాటువైద్దిగుడు. సూది పట్టుకోడం మా రగతంలోనే ఉన్నాది."

రమేష్‌బాబు ఇంకా నలభై ఇళ్ళు తిరగాలి. ఎండ ఎక్కుతోంది. పెట్టెలోంచి మూడు సూదులూ మూడు కాగితాలూ తీసి ఇచ్చేశాడు.

జగన్నాధం చింతపండు బస్తాల చాటున కూర్చుని ఎడమచేతి మూడు వేళ్ళూ గుచ్చుకున్నాడు. మగవాడి నెత్తురు శుక్రవారం కట్టుబాటు కిందికి రాదని తనకి తానే మినహాయింపు ఇచ్చుకున్నాడు. ఒక కాగితం తన పేరున, ఒకటి తాయారు పేరున, ఒకటి శైలజ పేరున. ముగ్గురి పని ఒక్కడే చేసి, ఇంట్లోవాళ్ళకి ఆ మాటే చెప్పకుండా కొట్లోకి వచ్చి కూర్చున్నాడు.

పదకొండు రోజుల తర్వాత, మంగళవారం పదిగంటల వేళ, రమేష్‌బాబు మోటారుసైకిలు కొట్టు ముందు ఆగింది. వెనక సీటు మీంచి కళ్ళజోడు పెట్టుకున్న ఒకమ్మాయి దిగింది. చేతిలో కవరు ఉంది.

"సావుకారు గారూ, ఈవిడ ఝాన్సీ మేడం. విజయనగరం ల్యాబులో మీ నెత్తురు సూసింది ఈవిడే. మీ ఇంట్లో ముగ్గురికీ మలేరియా ఉన్నాదండి."

అప్పటికి కొట్లో గురమ్మ ఉంది. రెండు కేజీల చింతపండుకి గంట సేపు బేరమాడగల మనిషి. ఆమె చెవిలో పడిన మాట సాయంత్రానికల్లా కోటబొమ్మాళి స్టేషనుకి చేరుతుంది, అదీ రైలు కన్నా ముందు. మలేరియా అన్న మాట వినగానే చేతిలో గుప్పెడు చింతపండు అలాగే పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది గాని, కొట్టు మాత్రం దిగలేదు.

"మాకు మలేరియా ఏటి?" నవ్వాడు జగన్నాధం. "నిన్న రాత్రి కూడా ఏడు రొట్టెలు తిన్నాను."

"మైక్రోస్కోపు కింద పెడితే మీ నెత్తుట్లో పురుగులు కనబడవండి" అంది ఝాన్సీ. "అంత తక్కువగా ఉన్నాయి. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష గుర్తుందా? అలాంటిదే ఇది. చుక్క నెత్తుట్లో ఒక్క పురుగు దాక్కున్నా దాని ఆనవాలు పట్టుకుని, ఆ ఒక్కదాన్నీ కోట్లుగా పెంచి చూపిస్తుంది మెషీను. ఏ జాతిదో కూడా చెబుతుంది. మీవాటిలో రెండు జాతులున్నాయి. వైవాక్స్ ఒకటి, ఫాల్సిపారం ఒకటి."

"రెండోది మాయదారిదండి" అన్నాడు రమేష్‌బాబు. "మెదడుకెక్కిందంటే మూడ్రోజులు సాలు. అందుకే మందు నా కళ్ళముందే మింగించి ఎల్తాను."

ఝాన్సీ కవరులోంచి ఒక ఫోటో తీసింది. నల్లటి పలక మీద తెల్లగా మెరిసే గీతలు, నిచ్చెన మెట్లలా.

"నాకు ఒక అనుమానం ఉందండి. వైవాక్స్‌లోనే మళ్ళీ రకాలుంటాయి. ఒక్కో రకానికి ఒక్కో ఎత్తులో గీత పడుతుంది. ఈ వీధిలో మిగతావాళ్ళకి ఒకటి, మహా అయితే రెండు పడ్డాయి. మీ ముగ్గురికీ మూడేసి ఉన్నాయి. అవే మూడు, అదే ఎత్తులో, అదే మెరుపుతో. ఒకే దోమ కుట్టినా ముగ్గురిలో ఇంత అచ్చుగుద్దినట్టు ఉండవు. నా చేతిలోనే చుక్కలు కలిసిపోయాయేమోనని మళ్ళీ రెండుసార్లు చేశాను." ఆ పిల్ల గొంతు తగ్గింది. "అయినా తేడా రాలేదు. తప్పు నాదే అయితే పై అధికారికి రాసిచ్చుకోవాలి. అందుకని కొత్తగా నెత్తురు తీసుకుని వెళ్దామని వచ్చాను."

జగన్నాధం ఎడమచెయ్యి దానంతటదే గల్లాపెట్టె వెనక్కి వెళ్ళిపోయింది.

అయితే ఏం, అనుకున్నాడు. జబ్బు ఉన్నది తనకి. ఆడవాళ్ళిద్దరూ రెండు మాత్రలు ఎక్కువగా మింగితే వచ్చే నష్టం ఏముంది? చేదు నాలుగు రోజుల్లో పోతుంది. ఈ పిల్ల కొత్త నెత్తురు పట్టుకెళ్ళి పరీక్ష చేస్తే అన్నీ సర్దుకుంటాయి. ఇవాళ మంగళవారమే కదా, అభ్యంతరం కూడా లేదు. అలా తనని తాను ఒప్పించుకుంటూ ఉండగా రమేష్‌బాబు సంచీలోంచి మాత్రల అట్టలు తీశాడు.

"అడగడం మర్సిపోనాను. మీ ఆడోళ్ళలో ఎవులైనా కడుపుతో ఉన్నారా? ఈ ఇటికరంగు మాత్ర ఉన్నాది సూడండి, ఇది అలాటోళ్ళకి ఇయ్యకూడదు. కడుపులో బిడ్డ నెత్తురు ఇరిగిపోవచ్చు."

జగన్నాధం నోరు తెరిచాడు. ఎదురుగా గురమ్మ. చింతపండు పట్టుకున్న గుప్పిలి గాల్లో ఆపి, మెడ ఇంతెత్తున సాచి చూస్తోంది. రెండుసార్లు పోయిన కడుపు, తాయారు వేయించిన ఒట్టు, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు, అన్నీ ఒక్కసారిగా అతనికి గుర్తొచ్చాయి.

"నేదు" అన్నాడు.

"అయితే సరే" అని రమేష్‌బాబు చెప్పులు విడిచి లోపలి గడప దాటేశాడు. ఝాన్సీ అతని వెనకే వెళ్ళింది.

జగన్నాధం లేవబోయాడు.

"ఏటి సావుకారూ, తూకం ఆపీసి ఎక్కడికెల్తన్నావు?" గురమ్మ త్రాసు పళ్ళెం పట్టుకుంది. "మలేరియా అయితే నాకేటి, కేజీ మీద ఎంత తగ్గిస్తావో సెప్పు. జబ్బుగల కొట్లో సరుకు ఎవులు కొంటారు?"

"ఊరికినే అట్టుకెల్లిపో!"

గురమ్మ చేతిలోంచి త్రాసు పళ్ళెం జారింది. జగన్నాధం నోటి నుంచి ఆ మాట వినడం బజారు పుట్టాక అదే మొదలు. ఆమె తేరుకునేలోగా అతను గల్లాపెట్టె మీంచే దూకి, పంచె మేకుకి పట్టుకుని చిరుగుతున్నా ఆగకుండా లోపలికి పరిగెత్తాడు. ఇరవై అడుగుల నడవ. ఆ రోజు మాత్రం అది ఎంతకీ తరగలేదు.

లోపల శైలజ బల్ల పక్కన నిలబడి ఉంది. ఎడమ అరచేతిలో నాలుగు మాత్రలు, మూడు తెల్లవి, ఒకటి ఇటికరంగుది. తాయారు కోడలికి స్టీలు గ్లాసు అందిస్తోంది.

"పస్ట్ ఇది ఏసీమ్మా, సిన్నది. గొంతుకి తగల్దు" అంటున్నాడు రమేష్‌బాబు, ఇటికరంగు మాత్ర కేసి వేలు చూపిస్తూ.

"ఆగు! అమ్మా, ఆగు! ఏసుకోకు!"

శైలజ చెయ్యి నోటి దగ్గర ఆగింది.

"అది ఆ పిల్ల నెత్తురు కాదు. తాయారుదీ కాదు. మూడూ నావే! మూడు కాయితాల మీదా నానే గుచ్చుకున్నాను!"

 తాయారు ఫక్కున నవ్వింది.

"ఇదిగో, మొదలెట్టినారు! ముగ్గురి నెత్తురు ఈయనొక్కడే ఇచ్చీనాడట. రేపు ఊరందరి నెత్తురూ నానే ఇచ్చీనానంటాడు."

"నిజమే సెప్తన్నాను తాయారూ!"

"దోమలు దుప్పటి ఎత్తుకెల్లిపోడం కూడా నిజమే సెప్పినారు" అన్నాడు రమేష్‌బాబు. అతనూ నవ్వుతున్నాడు. "మాత్ర సేదని భయమా సావుకారు గారూ? మీకూ తప్పదు. ఏసీమ్మా నువ్వు, ఆయన మాటలకేటి."

"మావయ్యగారూ, మీరు ఏసుకోకుండా ఉండడానికి మా పేరు సెప్పి వంకలెడతన్నారా?" అంది శైలజ. పెదవి మీద నవ్వు అలాగే ఉంది. మాత్ర పైకి లేచింది.

ఇన్నేళ్ళ కోతలన్నీ ఆ క్షణాన జగన్నాధం మెడకి చుట్టుకున్నాయి. దుప్పటి, గొడుగు, పిచ్చికలంత దోమలు. ఒట్టు పెట్టుకుందామంటే, అతను పెట్టని ఒట్టు బజారులో మిగల్లేదు. వేళ్ళు చూపిద్దామంటే, పదకొండు రోజుల కిందటి సూదిగాయానికి మచ్చ కూడా లేదు. చెయ్యి చాచాడు గాని, బల్ల అడ్డం.

"అమ్మా, ఆ మాత్ర కింద పెట్టు."

ఆ మాట అన్నది ఝాన్సీ. జగన్నాధం కాక నవ్వని మనిషి ఆ గదిలో ఆ పిల్ల ఒక్కతే. ఫోటో బల్ల మీద పరిచింది. వేలు గీతల మీద నడిపించింది. ఒకటి, రెండు, మూడు. పక్కన మళ్ళీ ఒకటి, రెండు, మూడు.

"ఆయన అబద్ధం చెప్పడం లేదు. నాలుగు రోజులుగా నాకు నిద్ర లేకుండా చేసింది ఇదే. ముగ్గురు మనుషులు ఇలా ఉండరు. ఒకే మనిషి అయితేనే ఇలా ఉంటుంది."

శైలజ మాత్రలు నాలుగూ బల్ల మీద పెట్టింది. ఒకటి దొర్లి కిందపడితే ఎవరూ తియ్యలేదు.

"ఇంకొకటి ఉన్నాది" అన్నాడు జగన్నాధం.  "ఇందాక కొట్లో అడిగితే నేదన్నాను..."

"నాకు రెండో నెల నడుస్తంది మేడం" అంది శైలజ, మామగారి వైపు చూడకుండానే. ఆయన మొదలెట్టిన మాట ఆ పిల్లే పూర్తి చేసింది.

రమేష్‌బాబు ముఖంలో నెత్తురు లేదు. ఆ శుక్రవారం సూదులు చేతికిచ్చేసింది తానే. గబగబా అట్టలన్నీ సంచీలో కుక్కాడు. తాయారు మొగుడి కేసి చూసిన చూపుకి కొండ దోమ అయినా రాలిపోయేది. అయినా ఆమె తిట్లు మొదలుపెట్టలేదు. నేల మీద కూర్చుండిపోయి, "ఇంకొక్క నిమిసం అయితే..." అని మాత్రం అంది.

ఝాన్సీ ఈసారి తన చేత్తోనే శైలజ వేలు గుచ్చింది. రెండు చుక్కలు కాగితం మీద అద్ది, ఒక చుక్క అప్పటికప్పుడు చూసే కిట్ మీద వేసింది. పావుగంట సేపు అందరూ ఆ కిట్ చుట్టూ నిలబడ్డారు. ఒక్క గీతే వచ్చింది, జబ్బుంటే పడాల్సిన రెండో గీత పడలేదు.

"నేదన్నమాటేనా?" అన్నాడు జగన్నాధం.

"ఈ కిట్‌కి దొరకలేదన్నమాట. మీకూ జ్వరం లేదు కదా, ఉందో లేదో మీకే తెలిసిందా?" అంది ఝాన్సీ. "ఇంతవరకూ ఈవిడ నెత్తురు ఎవరూ చూడలేదు. నేను ఎల్లుండి చెబుతాను. ఈలోగా కాస్త ఒళ్ళు వెచ్చబడినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏ జాతిదో తెలిస్తే, బిడ్డకి పడే మందు ఇవ్వడం డాక్టరమ్మకి తేలిక."

తాయారు నుంచి కూడా రెండు చుక్కలు తీసుకుంది. జగన్నాధం మాత్రలు జగన్నాధం చేత మింగించి, పద్నాలుగు రోజులు రోజూ వేసుకోమని ఇటికరంగు మాత్రల అట్ట చేతికిచ్చి, ఇద్దరూ వెళ్ళిపోయారు.

బుధవారం కొట్టు తెరవలేదు. జగన్నాధం నడవలో కుర్చీ వేసుకుని, గుమ్మంలోంచి కోడలిని చూస్తూ కూర్చున్నాడు. శైలజ తుమ్మితే లేచేవాడు. మంచినీళ్ళు తాగితే లేచేవాడు. "వొళ్ళేటైనా వేడిగున్నాదా అమ్మా?" అని గంటకి నాలుగుసార్లు అడిగాడు. "ఇప్పుడు నేదు గాని, మీరిలా అడుగుతుంటే వస్తాది" అని శైలజ విసుక్కుంది. పాత కథ ఒక్కటైనా చెప్పమని తాయారే అడిగింది, ఇల్లు మరీ మూగబోయిందని. అతనికి ఒక్కటీ గుర్తు రాలేదు.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక శైలజ ఫ్యాను ఆపమంది.

బయట ఎండ మండిపోతోంది. తాయారు ఆపింది. కాసేపటికి దుప్పటి కావాలంది. ఇంకో దుప్పటి. పళ్ళు టకటక కొట్టుకుంటూంటే మంచం కూడా వణికింది. ఆ పిల్ల రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని ముడుచుకుపోయింది.

"ఆటో! ఆటో పిలవండి, ఏటలా నిలబడిపోనారు!" తాయారు అరిచింది.

ఆటో వచ్చేసరికి జగన్నాధం ఝాన్సీకి ఆరోసారి ఫోన్ చేస్తున్నాడు. ఎవరూ ఎత్తడం లేదు. ఆసుపత్రికి పది నిమిషాలే. దారిపొడుగునా, ఫాల్సిపారం మూడు రోజులు సాలు, మెదడుకెక్కితే మూడు రోజులు సాలు, అని రమేష్‌బాబు మాటలే అతని చెవిలో గింగురుమంటున్నాయి. మంగళవారం నుంచి లెక్కపెడితే ఇది మూడోరోజు.

డాక్టరమ్మ జ్వరం చూసింది. నూట మూడు. జరిగిందంతా విని, "విజయనగరం నుంచి కబురొచ్చిందా? రెండో జాతి కూడా ఉంటే ఇప్పుడే సెలైన్‌లో మందు ఎక్కించాలి, శ్రీకాకుళం పంపాలి. ఒక్కటే అయితే ఇక్కడే చాలు" అంది. నర్సు రెండు రకాల మందులూ బల్ల మీద సిద్ధంగా పెట్టింది. డాక్టరమ్మ గోడ గడియారం చూసింది. "పావుగంట చూస్తాను. అంతకన్నా ఆగను. పెద్దదే ఉందనుకుని మొదలెడతాను."

జగన్నాధం వరండాలోకి వెళ్ళి ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. మోగుతోంది. ఆగింది. మళ్ళీ నొక్కాడు. గడియారంలో పెద్దముల్లు అటు కదిలింది. తొమ్మిది నిమిషాలు. పది. పన్నెండో నిమిషంలో అతని చేతిలో ఫోను దానంతటదే మోగింది.

"సావుకారు గారూ, మెషీన్ దగ్గర ఉన్నాను, ఫోన్ బయట పెట్టాలి మా దగ్గర" అంది ఝాన్సీ ఆయాసపడుతూ. "మీ కోడలికి వైవాక్స్ ఉంది. అదొక్కటే. ఫాల్సిపారం లేదు. మూడుసార్లు చూశాను, లేదు. మీ భార్యకి ఏదీ లేదు."

"అమ్మా, ఇదిగో, డాక్టరమ్మకి సెప్పు, నాను సెప్తే నమ్మరు!" అని ఫోను డాక్టరమ్మ చేతిలో పెట్టాడు.

డాక్టరమ్మ విని, తలూపి, బల్ల మీద ఉన్న రెండింటిలో చిన్న అట్ట తీసింది. తెల్ల మాత్రలు, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వదగ్గవి. ఇటికరంగుది కాన్పయ్యాకే, అది కూడా పరీక్ష చేసి చూశాకేనంది. ఈలోగా జ్వరం మళ్ళీ తిరగబెట్టవచ్చు, నెలనెలా నెత్తురు చూపించాలి, బిడ్డ విషయం ఇప్పుడే పూచీ ఇవ్వలేను గాని వేళకి పట్టుకున్నారు, అంది. శైలజ ఒణుకుతున్న చేత్తోనే మాత్రలు వేసుకుని నీళ్ళు తాగింది. సగం నీళ్ళు చీర మీద పడ్డాయి.

ఫోను ఇంకా కట్ కాలేదు. జగన్నాధం దాన్ని పట్టుకుని మళ్ళీ వరండాలోకి వచ్చాడు.

"అమ్మా, ఒక్క మాట. ఆ పిల్లకి ఎన్ని గీతలు?"

"ఒక్కటేనండి."

"ఎక్కడున్నాది?"

అవతల ఝాన్సీ కాగితం తిరగేసిన చప్పుడైంది.

"మీ మూడింటిలో మధ్యది. అదే ఎత్తులో ఉంది."

"అంటే నాదే."

"ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందని గీత చెప్పదండి. వీధిలో ఇంకెవరికీ ఆ గీత లేదు, అంతవరకే నాకు తెలుసు. కొండకి వెళ్ళి వచ్చేది మీ ఇంట్లో మీరొక్కరేగా."

ఫోను పెట్టేశాక జగన్నాధం వరండా బల్ల మీద కూర్చుండిపోయాడు. లోపల్నుంచి శైలజ పిలిచింది. ఒణుకు తగ్గి చెమట పడుతున్న ముఖంతో, రెండు దుప్పట్లూ పక్కకి తోసేసి ఉంది.

"ఏటంతన్నాది మావయ్యగారూ ఆ మేడం?"

అతను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు.

"నా ఒంట్లోదే నీకొచ్చిందమ్మా. నాను సంత నుంచి మోసుకొచ్చిందే. ఇంట్లో దోమ నన్ను కుట్టి నిన్ను కుట్టుంటాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. శైలజ అతని ముఖం కేసి చాలాసేపు చూసింది.

"మరి మీ మాత్ర ఏసుకున్నారా ఇయ్యాల?"

జగన్నాధం జేబు తడుముకున్నాడు. ఆటో హడావిడిలో ఆ మాటే మరిచాడు. అట్టలోంచి ఇటికరంగు మాత్ర అరచేతిలోకి చిదిమి తీశాడు. తాయారు, కోడలు తాగగా గ్లాసులో మిగిలిన నీళ్ళు అతని చేతికిచ్చి, మింగేదాకా అక్కడే నిలబడింది.